చింతపండు దాకా వచ్చిన పలావు

భారతదేశపు వంటకూ పాకిస్తాన్ వంటకూ తేడా ఏమిటని ఢిల్లీలో అడిగితే పెద్దగా ఏమీ లేదంటారు. లాహోర్‌లో అడిగినా దాదాపు అదే మాట వస్తుంది. నిహారీ, సీఖ్ కబాబ్, తందూరీ రొట్టె, ఆవకూర సాగ్ రెండు వైపులా ఒకే తీరులో తయారవుతాయి. 1947లో పంజాబును కోసిన గీత పొయ్యిల మీదుగా పోలేదు. అదే ప్రశ్న మార్కాపురంలోనో, కంభంలోనో, గిద్దలూరులోనో అడిగితే జవాబు మారిపోతుంది. ఇక్కడి ముస్లింల పెళ్లి పలావులో సగం పనితనం లాహోర్ వంటవాడికీ తెలిసిందే. మిగతా సగం చింతచెట్టూ, వేరుశనగ చేనూ, పొట్టేలూ నేర్పినవి. అందుకే ఈ రెండు వంటల తేడా తెలుసుకోవాలంటే వాఘా సరిహద్దు గేటు దగ్గర కన్నా నల్లమల కింద ఉన్న ఈ మెట్ట ఊళ్లలో నిలబడి చూడటం మేలు.

ఈ వంట ఒంగోలు వైపు నుంచి రాలేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. అంతకన్నా ముందు కడపతో ముడిపడిన సీమ ఇది. విజయనగరం పోయాక గోల్కొండ సుల్తానులు, తర్వాత మొఘలులు, కడప నవాబులు, మైసూరు హైదరలీ, టిప్పు, ఆపైన నిజాం ఒకరి తర్వాత ఒకరు ఏలారు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఈ నేల కూడా ఉంది. దండు దిగిన చోట వంటవాళ్లూ దిగుతారు. దండు వెళ్లిపోయాక కొందరు ఉండిపోతారు. బస్తీల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు స్థిరపడ్డాయి. పల్లెల్లో తెలుగే ఇంటిభాష అయిన దూదేకులవారు ఉన్నారు. వాళ్ల వంటింట్లో పప్పు, పచ్చడి, పులుసు ఎంత సహజమో పండగనాడు పలావు అంత సహజం. పాకిస్తాన్ వంటకు మూలమైన పారశీక, మధ్యాసియా విద్య ఇంత దూరం వచ్చి తెలుగు ఇంట్లో ఎలా ఒదిగిందో తెలియాలంటే ఈ ఇళ్లే చూడాలి.

ముందు అన్నం సంగతి. బియ్యం వండటానికి మనకు రెండు పద్ధతులున్నాయి. ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వార్చడం ఒకటి. కొలిచి ఎసరు పోసి, ఆ నీళ్లన్నీ బియ్యమే పీల్చుకునేలా అత్తెసరు పెట్టడం రెండోది. బిర్యానీ వార్పు అన్నం, పలావు అత్తెసరు అన్నం. ఇంత తేలిక విషయాన్ని వంటల పుస్తకాలు ఎందుకంత చుట్టు తిప్పి చెబుతాయో అర్థం కాదు.

హైదరాబాదు పచ్చి బిర్యానీలో మాంసాన్ని ముందుగా ఉడికించరు. పెరుగు, అల్లం వెల్లుల్లి, నూరిన పచ్చి బొప్పాయి, వేయించిన ఉల్లి పట్టించి నానబెడతారు. మసాలా దినుసులు వేసిన నీళ్లలో బియ్యాన్ని ముప్పావు వంతు ఉడికించి, వార్చి, ఆ పచ్చి మాంసం మీద పరుస్తారు. మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో బిగించి, కింద సన్నసెగ, పైన నిప్పులు పెట్టి మగ్గబెడతారు. మాంసం ఉడికే వేళకి అన్నం చితికిపోకూడదు, అన్నం సరిపడే వేళకి మాంసం గట్టిగా మిగలకూడదు. మూత తీసి చూసే వీలు లేదు కాబట్టి వంటవాడి అనుభవమంతా సెగలోనే తెలుస్తుంది. పాకిస్తాన్‌లో ఎక్కువ ఇళ్లలో ఈ సాహసం చేయరు. కూర వేరుగా పూర్తిగా వండేసి, వార్చిన అన్నంతో పొరలు పొరలుగా పేర్చి కాసేపు దమ్ వేస్తారు. సింధీ బిర్యానీలో బంగాళదుంపలు, టమాటా, పచ్చిమిర్చి, పులుపు కోసం ఎండు ఆల్‌బుఖారా పండ్లు పడతాయి. బిర్యానీలో దుంపేమిటని మనవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, ఆ దుంప పీల్చుకునే రసం సంగతి తిన్నవాళ్లకే తెలుసు.

పలావు దగ్గరికొస్తే పోలిక ఇంకా బాగా కనిపిస్తుంది. పంజాబీ యఖ్నీ పలావులో ఎముకలతో ఉన్న మాంసాన్ని దనియాలు, సోంపు, వెల్లుల్లి, ఉల్లి వేసి ఉడికిస్తారు. దనియాలూ సోంపూ పంటికి తగలకుండా గుడ్డలో మూటగట్టి వేస్తారు. ఆ రసమే బియ్యానికి ఎసరు. పెషావర్ వైపు క్యారెట్ తురుము, కిస్‌మిస్ చేరి కాస్త తీపి తగులుతుంది. కారం దాదాపు ఉండదు. మన వైపు పలావుకు చెక్క, లవంగం, యాలకులు నూనెలో వేగాక నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, గుప్పెళ్లకొద్దీ పుదీనా, కొత్తిమీర పడతాయి. ఆ తర్వాతే అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, మాంసం, చివర ఎసరు. పద్ధతి ఒకటే, సువాసన వేరు. బియ్యం కూడా వేరు. బాస్మతి పొడుగ్గా సాగుతుంది, రసాన్ని ఒంటికి పట్టించుకోవడంలో మాత్రం కాస్త బిగువు చూపిస్తుంది. పాత సోనా బియ్యం సాగదు, పీలుస్తుంది. నానబెట్టిన బాస్మతికి గ్లాసుకు గ్లాసున్నర ఎసరు చాలు, సోనా రకం రెండు గ్లాసులు తాగుతుంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే రైతులు ఇప్పటికీ నంబరుతో పిలిచే బీపీటీ 5204, ఆంధ్ర పలావుకు చేసిన మేలు ఇంకా ఎవరూ సరిగా రాయలేదు. హోటళ్ల వాళ్లు పొడుగు బియ్యం కోసం ఎగబడి రంగునీళ్లు చల్లుతున్నారు. నన్నడిగితే మంచి సోనా పలావు ముందు ఆ రంగు బిర్యానీ నిలవదు.

ఇక కూర. మసాలాను నూనె పైకి తేలేదాకా వేయించాలన్న నియమం అటూ ఇటూ ఒకటే. ఆ ఓపిక లేని కూర లాహోర్‌లోనూ చప్పగానే ఉంటుంది, గిద్దలూరులోనూ చప్పగానే ఉంటుంది. తేడా గుజ్జులో వస్తుంది. పాకిస్తాన్ కూరల్లో గుజ్జు ఎర్రగా వేగిన ఉల్లి నుంచి, పెరుగు నుంచి, టమాటా నుంచి వస్తుంది. మనకు మెట్ట పంటలు గుజ్జునిస్తాయి. నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, గసగసాలు దోరగా వేయించి నూరిన ముద్దే బగారా బైంగన్‌కూ, మిర్చీకా సాలన్‌కూ ప్రాణం. మన గుత్తివంకాయకూ ఆ బగారా బైంగన్‌కూ చుట్టరికం వంకాయను చీల్చే తీరులోనే తెలిసిపోతుంది. పాకిస్తాన్‌లో పల్లీలు పండవా అంటే పండుతాయి. చక్వాల్, అటక్ జిల్లాల పోఠోహార్ మెట్టలు వేరుశనగకు పేరుపడ్డవే. అక్కడ వాటిని చలికాలం వేయించుకుని తింటారు, బెల్లంతో గజక్ చేస్తారు. కూరలో నూరి పోయాలన్న ఆలోచన దక్కనుదే.

మాంసం విషయంలో ఒక సంగతిని ఎవరూ పట్టించుకోరు. ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో, బలూచిస్తాన్‌లో పెంచే దుంబా గొర్రెకు తోక నిండా కొవ్వు. ఆ కొవ్వు కరిగిస్తే అదే నూనె. దానిలో ఉప్పు, పచ్చిమిర్చి, కాస్త టమాటా వేసి వండే షిన్వారీ కడాయికి వేరే మసాలా అక్కర్లేదు. బలూచీ సజ్జీ అయితే ఉప్పు రాసి నిప్పుల ఎదుట నిలబెట్టడమే. నెల్లూరు, ప్రకాశం జిల్లాలు పుట్టిల్లయిన నెల్లూరు జాతి గొర్రె పొడుగు కాళ్లది, ఉన్ని లేనిది, ఎండలో మైళ్లు నడిచి మేసేది. దాని ఒంట్లో అంత కొవ్వు ఉండదు. దాన్ని ఉప్పు రాసి కాలిస్తే చెక్కముక్కలా మిగులుతుంది. అందుకే పల్లీ నూనె, నూరిన కొబ్బరి, నిదానపు మంట. మనవాళ్లకు మసాలా పిచ్చి అని ఉత్తరాది వాళ్లు ఎగతాళి చేస్తే, ముందు మా పొట్టేలును చూసి మాట్లాడమని చెప్పొచ్చు.

రొట్టె దగ్గర సరిహద్దు తలకిందులవుతుంది. గోధుమపిండిలో సాగే గుణం ఉంది కాబట్టి తందూరు గోడకు అతుక్కుని కాలుతుంది. జొన్నపిండికి, సజ్జపిండికి ఆ గుణం లేదు. వేడినీళ్లతో కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్ది కాల్చుకోవాలి. అందుకే మన పల్లెల్లో తందూరు పుట్టలేదు. అయితే సింధులోని థార్‌పార్కర్ ఎడారిలో కూడా సజ్జే ఆధారం. అక్కడి ఇల్లాలు తట్టే సజ్జరొట్టెకూ కనిగిరి, పొదిలి మెట్టల్లో తట్టే సజ్జరొట్టెకూ తేడా పట్టడం కష్టం. వాన తక్కువ పడే నేలలు జెండాలు చూడకుండా ఒకే గింజను ఎంచుకున్నాయి. ఇప్పుడు రొట్టె మన దగ్గర రోజువారీ తిండి కాకుండా పోయింది. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం మెట్ట ఊళ్లను కూడా అన్నం ఊళ్లుగా మార్చేసింది.

ఆ రొట్టె నుంచే పుట్టిన మలీదా మాత్రం నిలిచింది. వేడి రొట్టెను చిదిమి, బెల్లం, నెయ్యి వేసి పిసికి ముద్దలు కడతారు. పీర్ల పండగకు హిందూ ముస్లిం తేడా లేకుండా మలీదా చదివింపు పెట్టించేవాళ్లు సీమ పల్లెల్లో ఎందరో. పఠాన్ల ఇళ్లలో కూడా మలీదా ఉంది. పంజాబులో దాన్నే చూరీ అంటారు. గొడ్లు కాచే రాంఝాకు హీర్ అడవికి పట్టుకెళ్లింది ఆ చూరీనే అని అక్కడి ప్రేమకథ చెబుతుంది.

భోజనం వరస గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్కడ ఒక సాలన్, దానికి రొట్టె. ఇక్కడ అన్నంలో ముందు పప్పు, తర్వాత కూర, పులుసో చారో, చివర మజ్జిగ. చెన్నకేశవస్వామి గుడి ఉన్న మార్కాపురంలో మాంసం ముట్టని ఇళ్లు చాలానే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఇంగువ పోపుతో సాగే ఆ శాకాహార వంటకు సాటి రాగలది పాకిస్తాన్‌లో థార్ వైపు హిందూ ఇళ్లలోనే దొరకవచ్చు. రంజాన్ వస్తే మళ్లీ దగ్గరవుతాం. అక్కడి ఇఫ్తార్‌లో పకోడీలు లేని ఇల్లుండదు. మన వైపు నెల్లూరు, సీమ మసీదుల్లో వేడి గంజి పోస్తారు, పకోడీ ఎలాగూ ఉంటుంది. రెండు చోట్లా తాగే రూహ్ అఫ్జా షర్బత్ ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ 20వ శతాబ్దం మొదట్లో తయారు చేసింది. దేశ విభజన తర్వాత ఆయన కొడుకుల్లో ఒకరు ఢిల్లీలో ఉండిపోయారు, ఇంకొకరు 1948లో కరాచీలో ఆ షర్బత్ తయారుచేసే హమ్‌దర్ద్ సంస్థను స్థాపించారు. సీసా మీద పేరు ఒకటే.

ఇన్ని పోలికలూ తేడాలూ పక్కన పెట్టి ఒక్కటే చెప్పమంటే పులుపు అంటాను. పాకిస్తాన్ వంట పెరుగుతో, టమాటాతో, ఎండు దానిమ్మ గింజలతో, ఆల్‌బుఖారాతో పులుస్తుంది. పెషావర్ చప్లీ కబాబ్‌లో ఆ దానిమ్మ గింజలే పంటి కింద పటపటలాడతాయి. చింతపండు వాళ్లకు తెలియక కాదు, చట్నీల్లో, చాట్‌లో వాడతారు. కూరంతటినీ చింతపండు పులుసులో నడిపించడం మాత్రం దక్షిణాది పని. వేసవి మొదట్లో చిగురు వచ్చిందంటే చింతచిగురు మాంసం వండని ముస్లిం ఇల్లు దత్తమండలాల్లో అరుదు. వానలకు గోంగూర మాంసం. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతుంది. మనం దాన్ని ఎంత సొంతం చేసుకున్నామంటే ఆ మాట ఇప్పుడు ఎవరూ నమ్మరు.

ఈ పులుపు కరాచీ కూడా చేరింది. 1948లో హైదరాబాదు సంస్థానం పోయాక వెళ్లిన కుటుంబాలు అక్కడ బహదూరాబాద్‌లో, హైదరాబాద్ కాలనీలో స్థిరపడ్డాయి. బహదూరాబాద్ పేరు హైదరాబాదు నాయకుడు నవాబ్ బహదూర్ యార్ జంగ్‌ది. హైదరాబాద్ కాలనీ పచ్చళ్ల దుకాణాలకు కరాచీ అంతా వస్తుంది. ఖట్టీ దాల్, బగారా బైంగన్, కరివేపాకు పోపు ఆ ఊరికి అలవాటైంది ఈ కుటుంబాల వల్లనే. ఉత్తరాది నుంచి కొంత, దక్కను నుంచి కొంత కరాచీకి చేరాయి కాబట్టి, పాకిస్తాన్ వంట అని మనం అనే దానిలో కొంత భాగం మన చింతతోపుల నుంచే వెళ్లింది.

ఈ చింతపండు వంటల్లో దాల్చా నాకు అన్నిటికన్నా ఇష్టం. పెళ్లి పలావు పక్కన దాల్చా లేకపోతే కంభం వైపు పెద్దలు విస్తరి ముందు కూర్చుని అటూ ఇటూ చూస్తారు. శనగపప్పు, కందిపప్పు, పొట్టేలు ఎముకలు, సొరకాయ, పసుపు, అల్లం వెల్లుల్లి, చింతపండు, పోపు, ఇంతే సరంజామా. చెడగొట్టడం కూడా అంతే సులభం. పులుపు తగిలితే పప్పు గింజ బిగుసుకుపోతుంది, ఇక ఎంత మంట పెట్టినా మెత్తబడదు. అందుకని ఎముకలతో పాటు పప్పు పూర్తిగా మెత్తబడి, సొరకాయ ముక్క వేలితో నొక్కితే నలిగే దాకా చింతపండు రసం డబరా దగ్గరికి రాకూడదు. రసం పోశాక ఇంకో పది నిమిషాలు మరగాలి, పచ్చివాసన పోవాలి. ఆ తర్వాత నెయ్యి కాచి, ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు చిటపటలాడించి పోపు గుమ్మరించి వెంటనే మూత పెట్టాలి.