కుడి నీది, ఎడమ నీది

నిలబడు, దేహమా. తలెత్తి ఎదురుగా చూడు. పాదాలు దగ్గరికి చేర్చి, చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పు. అనాటమీలో మొదటి పాఠం ఈ నిలువు భంగిమే. కాకినాడలో 1958లో వెలసిన రంగరాయ వైద్య కళాశాలలో ఏటేటా చేరే పిల్లలు డిసెక్షన్ హాల్లో, కళ్ళు మండించే ఫార్మలిన్ వాసనలో, నిన్ను చూసేది వెల్లకిలా పడుకోబెట్టిన రూపంలోనే. అయినా వాళ్ళు నేర్చే ప్రతి మాటా నిన్ను నిలబెట్టే పలుకుతుంది. బల్ల మీద ఎలా ఉంచినా నీ తల పైనే, నీ పాదం కిందే. బోర్లా తిప్పినా నీ రొమ్ము ముందు వైపే, యాంటీరియర్. నీ వీపు వెనక వైపే, పోస్టీరియర్. చావు పడగొట్టిన మనిషిని చదువు లేపి నిలబెడుతుంది. ఇంత మర్యాద ఎరిగిన శాస్త్రం మరొకటి నాకు కనబడలేదు.

అరచెయ్యి ముందుకే ఎందుకంటావా? అలా ఉంటేనే ముంజేతిలో రేడియస్, అల్నా అనే రెండు ఎముకలూ పక్కపక్కన తిన్నగా నిలుస్తాయి. చెయ్యి బోర్లించావా, రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా దాటిపోతుంది.

ఇక కుడి ఎడమలు. చూసేవాడి కుడి కాదు, నీ కుడి. గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా? గట్టుకు కుడి ఎడమలు ఏరు పారే దిక్కును బట్టే. సముద్రం వైపు నుంచి ఎదురెక్కి వచ్చే పడవకు రాజమండ్రి కుడిచేతి వైపు కనిపిస్తుంది, అయినా అది ఎడమ గట్టే. కొవ్వూరు కుడి గట్టే. నీకూ అంతే. నీ ఎదుట నిలబడ్డ విద్యార్థికి తన ఎడమచేతి వైపు కనిపించే కాలేయం నీ కుడి డొక్కది. మూడు తమ్మెల ఊపిరితిత్తి నీ కుడిది. గుండెకు చోటిచ్చి రెండు తమ్మెలతో సరిపెట్టుకున్నది నీ ఎడమది. ధవళేశ్వరం దాటి గౌతమిగా, వశిష్ఠగా చీలిన నీటికి ఎగువ దిగువలున్నట్టే నీ చేతికీ ఉన్నాయి. మొండేనికి దగ్గరిది ప్రాక్సిమల్, దూరపుది డిస్టల్. మోచెయ్యి భుజానికి డిస్టల్, మణికట్టుకు ప్రాక్సిమల్. నడిమి గీతకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లేటరల్. ఏ మాటా చూసేవాణ్ణి కొలబద్దగా పెట్టుకోదు. అన్నీ నీ నుంచే మొదలవుతాయి.

నీ ఎముకలు 206. అందులో ఒక్కో చేతిలో మణికట్టు నుంచి వేలికొసల దాకా 27, ఒక్కో పాదంలో 26. కలిపి చూడు: 106. సగానికి పైగా నీ చేతుల్లో, పాదాల్లోనే ఉన్నాయి! వంగి నారు గుచ్చిన వేళ్ళలో, చేలో మోకాటి లోతు బురద తొక్కిన మడమల్లో. కష్టం ఎక్కడుందో కీళ్ళు అక్కడ గుమిగూడాయి. చెవి లోపల మూడు మిల్లీమీటర్ల స్టేపీస్‌ని, నాలుక మొదట్లో మరే ఎముకతోనూ కీలు లేకుండా ఉండే హయాయిడ్‌ని కూడా తలుచుకుంటాను గానీ, నా దండం మాత్రం ముందు ఆ 106కే.

నిన్ను చదవడానికి సుశ్రుతుడు ఏటినే ఆశ్రయించాడు. శవాన్ని గడ్డితో, నారతో చుట్టి, పంజరంలో పెట్టి, మెల్లగా పారే నీటిలో మరుగు చోట ఏడు రాత్రులు ఉంచమన్నాడు. తర్వాత వట్టివేళ్ళ కుంచెతో, వెదురు కుంచెతో చర్మం మొదలు పొర తర్వాత పొర మెల్లగా రుద్దుతూ కళ్ళారా చూడమన్నాడు. శాస్త్రంలో చదివిందీ కంటితో చూసిందీ కలిస్తేనే తెలివి పెరుగుతుందన్న ఆయన మాటకు నేటి డిసెక్షన్ హాలు వారసురాలు.

మన నేల మీద పుట్టిన మరొకరు నిన్ను ఇంకా లోతుగా చదివారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ బోధించి, 1923లో హార్వర్డ్ చేరారు. కండరాన్ని పేర్లతో వదిలెయ్యలేదు. అది దేనితో కదులుతుందని అడిగారు. 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును వెల్లడించారు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా. దేహమా, ప్రాణం పోయిన కొన్ని గంటలకు నువ్వు కొయ్యబారేది ఆ ఏటీపీ అడుగంటడం వల్లనే. పట్టు బిగిసిన కండపోగు వదలాలంటే అదే కావాలి. బిగువుకే కాదు, సడలడానికీ శక్తి కావాలన్న సంగతి చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఓపీలో కూర్చున్న పెద్దావిడ ప్రాక్సిమల్ అనదు. "గూడ లాగేత్తందండీ, డొక్కలో పోటండీ" అంటుంది. ఆ గూడనూ ఆ డొక్కనూ హాల్లో నీ మీదే వేలు పెట్టి నేర్చుకున్న పిల్లే ఆమెను అర్థం చేసుకోగలదు.

కనుక రా, మొదటి ఏడాది పిల్లా, పుస్తకం పక్కన పెట్టు. ఆమె అరచేతిని పైకి తిప్పు. మణికట్టుకు కాస్త ప్రాక్సిమల్‌గా, యాంటీరియర్ వైపు, బొటనవేలి దిక్కున లేటరల్ అంచున మూడు వేళ్ళు ఆనించు. రేడియల్ ధమని అక్కడే ఉంది. గడియారం చూసుకుని లెక్కపెట్టు.