దానమునకు రెండవ దినము

ఆపద మూడినపుడు ఇచ్చుటలో తెలుగువారు లోభులని ఎవ్వరును నిందింపజాలరు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమపై విరుచుకుపడి, ప్రభుత్వపు లెక్కల చొప్పుననే సుమారు 10,000 మందిని పొట్టన బెట్టుకొన్నపుడు, నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మున్నగు నటులు జోలె పట్టి వీధుల వెంట నడచిరి. ధనికుల నోట్లతోపాటు కూలివారి చిల్లరయు ఆ జోలెలలో పడెను. 1975లో ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించిన మండలి వెంకటకృష్ణారావు తన సీమను మరల నిలబెట్టుటయే వ్రతముగా పూనెను; రామకృష్ణ మిషన్ మొదలైన సేవాసంస్థలు సహాయ శిబిరములు నడిపి, పాకలు కొట్టుకొనిపోయిన చోట్ల పక్కా ఇండ్లు లేపినవి. ఆ మహాదానమును స్మరించి నమస్కరించిన పిదప, దాని మరునాటిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక.

ఆ దివిసీమలోనే, కోడూరు నుండి సాగరసంగమమునకు పోవు బాటలో, మడ అడవుల యంచున పాలకాయతిప్ప యను పల్లె యున్నది. ఇట్టి తీరపు పల్లెలలో తుపాను షెల్టరును స్తంభములపై ఎత్తి కట్టుటకు కారణము, ఉప్పెన నీరు గోడలను మోదక స్తంభముల నడుమనుండి సాగిపోవలెననియే. కాని నీటికి దారి విడిచిన ఆ కట్టడమునకు గాలి తప్పునా? ఉప్పుగాలి సన్నని బీటలగుండ చొచ్చి లోని ఇనుపచువ్వలకు త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన చువ్వ ఉబ్బి సిమెంటు పెచ్చును ఊడదన్నును. పెచ్చూడిన చోట తేమ మరింతగా చొరబడును. మహావాతమున కోర్చి నిలువవలసిన భవనము, ఏ తుపానును లేని ప్రశాంత దినములయందే, ఎవ్వరి కంటను పడకుండ, క్రమక్రమముగా శిథిలమగును. అప్పుడు దానికి కావలసినది మఱియొక జోలె కాదు. ఏటేట పగుళ్లు పూడ్చి సున్నము కొట్టు చేయి, తలుపు బందులకు నూనె వేయు చేయి, అర్ధరాత్రమున గాలి లేచినపుడు తాళపుచెవి ఎవరి యింట నున్నదో ఊరెల్ల నెరిగి యుండుట. శంకుస్థాపనకు దాతలు దొరకుదురు, శిలాఫలకముపై పేరు చెక్కించుటకు దాతలు దొరకుదురు; తలుపు గొళ్లెమునకు దాత దొరకడు.

ఇందు మన వారి హృదయ దోషమేమియు లేదని నా తలంపు. పూర్వము తాటాకు పాక యుండెడిది. అది కొన్నేండ్లకొకమారు కప్పు మార్చుమని తనంత తానే యజమానుని తొందరపెట్టెడిది, ఆ కప్పు వేయుటకు ఇరుగుపొరుగువారు వంతు చొప్పున వచ్చి ఆకులందించెడివారు. ఇల్లు బలహీనమైనదే కాని, దానిని నిలుపుకొను అలవాటు బలమైనది. కాంక్రీటు వచ్చి ప్రాణములను కాపాడినది, అది కావలసినదే. అయితే దాని మరమ్మతు అక్కర పైకి కానరాదు గనుక, పదిమంది ఒకచోట చేరు అక్కరయు దానితోనే కనుమరుగైనది. ఇల్లు దాతల వలన వచ్చినది, కాని వంతునకు వచ్చు మనుష్యులను ఏ దాతయు తేలేడు.

ఆ అలవాటు పోయినచోట మరల మొలకెత్తునా యని శంకించువారు చల్లపల్లికి పోయి చూడవలెను. 2014 నవంబరు 12వ తేదీ మొదలు, డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతుల పూనికతో, అచ్చటి కార్యకర్తలు తెల్లవారకముందే లేచి చీపుళ్లు, పారలు, కత్తులు పట్టి తమ ఊరి వీధులను తామే శుభ్రపరచుచున్నారు, బాటలకు ఇరువైపుల మొక్కలు నాటి పెంచుచున్నారు. వారికిని ధనము కావలెను. ‘మనకోసం మనం’ అను ట్రస్టు ద్వారా ఊరివారును, దూరదేశములందున్న వారును చందాలిచ్చుచున్నారు. అయితే అచ్చట ధనము శ్రమ వెనుక నడచుచున్నది. చందా యిచ్చువానికి తన రూకతో కొన్న మొక్కకు రేపు నీరుపోయు మనుష్యుడెవరో తెలియును. నీరుపోయువానికి తన చేతిలోని పనిముట్టు ఏ దూరదేశపు స్నేహము వలన వచ్చినదో తెలియును. మొదటి దినపు దానమునకు కరుణ చాలును; రెండవ దినపు దానమునకు అభ్యాసము కావలెను. కరుణ దుఃఖము చూచినపుడు దానంతట పుట్టును, అభ్యాసమును మాత్రము మనము పూని పుట్టింపవలెను.

కావున, ఈ తీరమున ఏ ఆశ్రయభవనమునకైనను విరాళమిచ్చువారు అందొక భాగమును దాని పోషణకై ప్రత్యేకించి, ఏటేట ఎవరు దానిని తెరచి చూతురో అడిగి తెలిసికొనిన పిదపనే ఇయ్యవలెనని నా మనవి. 1864 నవంబరు 1వ తేదీన బందరులో సుమారు 30,000 మందిని బలిగొన్న ఉప్పెనయు, 1977 నాటి ఉప్పెనయు దీపావళి వెళ్లిన కొలది దినములకే వచ్చినవి. దీపావళికి మన యిండ్లను మనము దులిపి కడిగికొనుచునే యున్నాము; ఊరుమ్మడి షెల్టరునకును ఆ చీపురు ఆ దినమే తగిలినచో, గొళ్లెము బిగిసినదో లేదో, మెట్లు గట్టిగా నున్నవో లేవో తుపాను కంటె ముందు ఊరివారికే తెలియును. ఆ పనికి పూనుకొనువారి పేర్లు ఏ ఫలకముపైనను ఉండవు, ఉండనక్కరయు లేదు.