తప్పిన కొలతలు, తప్పుడు నీడలు

ధవళేశ్వరము కాటన్ బ్యారేజీ వద్ద గోదావరి 11.75 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని జారీచేయుదురు. నాలుగు కొలతలకు ఒకటి మాత్రమే తీసి, తక్కిన మూడింటిని ఊహించి వరద రేఖను గీయవచ్చునా? నీరు ఒక క్రమమున పెరిగి తగ్గును గనుక చాలవరకు గీయవచ్చును.

మైఖేల్ లస్టిగ్, డేవిడ్ డోనహో, జాన్ పాలీ 2007లో ప్రకటించిన ‘స్పార్స్ ఎం.ఆర్.ఐ.’ వ్యాసమునకు ఇట్టి ఊహయే ఆధారము. శరీరములోని హైడ్రోజన్ కేంద్రకములు అయస్కాంత క్షేత్రమున వెలువరించు సంకేతములను వరుసలుగా కొలిచి, ఫూరియర్ గణితముచే బొమ్మగా మార్చుటయే ఎం.ఆర్.ఐ. పద్ధతి. అన్ని వరుసలను కొలుచుటకు నిమిషములు పట్టును. ఈలోగా రోగి కదలినచో బొమ్మ చెదరును. వరుస విడిచి వరుస కొలిచినచో కాలము సగమగును గాని, బొమ్మ మడతపడి తల వెనుక భాగము నుదుటిమీద కనుపించును.

వరుసలను క్రమము లేకుండ విడుచుటయే ఈ రచయితల గొప్ప యుక్తి. అప్పుడు ఆ నీడ ఆకారము కోల్పోయి, సన్నని ఇసుక చల్లినట్లు బొమ్మ అంతట చెదరును. బొమ్మను వేవ్‌లెట్ భాగములుగా విడదీసినచో నిజమైన వివరములు కొలది పెద్ద సంఖ్యలలో చేరును. ఇసుక చిన్న సంఖ్యలుగా మిగులును. చిన్నవానిని తుడిచి, కొలిచిన వరుసలతో సరిచూచి, పలుమారులు ఇట్లే చేయగా బొమ్మ తేటపడును.

దీనిని ఇంద్రజాలముగా వర్ణించుట సరికాదు. కొలతలను మరీ తగ్గించినచో మసక వివరములు మొదట మాయమగునని మూలవ్యాసమే చెప్పినది. ఆ నిజాయితి మెచ్చదగినదే. కాని ఏది మాయమైనదో వైద్యునికి తెలుపు ఉపాయము అందులో లేదు. చిన్న కంతి మసకగానే ఉండవచ్చును గదా!

2018లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి ఆరంభించిన ‘ఫాస్ట్ ఎం.ఆర్.ఐ.’ ప్రయత్నమున యంత్రమే పాత బొమ్మలనుండి శరీర స్వభావమును నేర్చుకొన్నది. నీడలు మరింత బాగుగ తొలగినవి. అయినను 2020 నాటి పోటీలో ఒక బొమ్మలో లేని రక్తనాళము వెలసినది! ఇది పాత నీడకంటె చెడ్డది. మడతపడిన నుదురును విద్యార్థియైన గుర్తించును. నిజమును పోలిన అబద్ధము వైద్యునికైన చిక్కదు.

ధవళేశ్వరమున 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. మామూలు ఏండ్ల వరదలను మాత్రమే నేర్చినవాడు, ఆ దినపు కొలతలు లేనిదే, ఆ శిఖరమును గీయజాలడు. అరుదైన రోగము విషయమున యంత్రముది అదే స్థితి. పోటీలో అంకెలతో పాటు రేడియాలజిస్టుల తీర్పును గూడ గైకొనిరి. 2022లో ఆ చిత్రనిధికి రోగగుర్తులు చేర్చి ‘ఫాస్ట్ ఎం.ఆర్.ఐ. ప్లస్’ను ప్రకటించిరి. సగటు మార్కులకంటె ఈ గుర్తులున్న చోటనే ఈ పద్ధతులను పరీక్షింపవలసియున్నది.