తాళాలు పట్టే మనిషి

భజనలో మృదంగం లేని రోజున లయ భారమంతా తాళాలదే. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబాల భజనకైనా, గోదావరి పల్లెలోని రామకోవెలకైనా ఇదే లెక్క. అరచేతిలో ఇమిడే రెండు కంచు తాళాలవి. అంచు తాకించి వదిలితే మోగుతాయి, అదిమిపడితే నాదం తెగుతుంది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు: నాలుగు, రెండు, రెండు. చరణం చివర గొంతులన్నీ పరుగెత్తుతాయి. తాళం వేసేవాడు మాత్రం తొణకడు. అమెరికా బ్లూగ్రాస్ సంగీతంలోనూ సాధారణంగా డ్రమ్స్ ఉండవు. అక్కడ బేస్ ఒకటో, మూడో దెబ్బల మీద నిలబడితే, మాండొలిన్ రెండు, నాలుగు అందుకుంటుంది. ఎక్కడైనా లయ నిలిపే పనికి నెమ్మది కావాలి, పక్కవాడిని వినే చెవి కావాలి. గాయకుడికి దక్కే మెప్పులో సగం లయ నిలిపేవాళ్లదే.