కుక్కనూ వతన్ అడిగిన జంగ్

యుద్ధం గురించి రాసేవాళ్లు లెక్కలు చెప్తారు. ఎన్ని ట్యాంకులు కూలాయి, ఎన్ని శిఖరాలు పట్టుకున్నాం అని. సాదత్ హసన్ మంటో ఆ లెక్కల జోలికి పోలేదు. ‘టేట్వాల్ కా కుత్తా’ కథలో ఒక దిక్కులేని కుక్కను తెచ్చి రెండు సైన్యాల మధ్య వదిలాడు. 1948లో బొంబాయి విడిచి లాహోర్ వెళ్లిన మంటో, ఆ తొలి కశ్మీర్ యుద్ధాన్ని ఏ జెండా కిందా నిలబడి రాయలేదు. ముందు అందుకు సలాం చెయ్యాలి.

కథ చిన్నది. ఎదురెదురు కొండల మీద రెండు దళాలు. ఎవరూ గెలవడం లేదు, ఓడడం లేదు. విసుగెత్తిన సిపాయిల దగ్గరికి కుక్క వస్తుంది. ఇటువాళ్లు దానికో పేరు పెట్టి, హిందూస్తానీ కుక్క అని రాసి మెడకు కట్టి పంపుతారు. అటువాళ్లు దాన్ని పాకిస్తానీ కుక్కను చేసి వెనక్కి తోలతారు. వేళాకోళంగా మొదలైన కాల్పుల మధ్య అది అటూ ఇటూ పరుగెత్తి చచ్చిపోతుంది. ఒకరు షహీద్ అంటారు, మరొకరు కుక్కచావు అంటారు.

ఈ కథ చదివితే మా చెయ్యి మా మెడ మీదికి పోతుంది. సరిహద్దులో తుపాకి పేలిన ప్రతిసారీ ఇక్కడ మా గల్లీలో మమ్మల్ని వతన్ అడుగుతారు. జవాబుగా 1965లో ఖేమ్‌కరణ్‌లో ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్ పేరు చెప్పాలి. 1999 కార్గిల్‌లో చనిపోయిన కెప్టెన్ హనీఫుద్దీన్ పేరు చెప్పాలి. వాళ్లంటే మాకూ గర్వమే. కార్గిల్‌లో 527 మంది భారత సైనికులు పోయారు. అన్ని ఇళ్లలో ఏడ్చిన తల్లుల కన్నీళ్లు ఒక్కటే. మరి పక్కింటి వెంకటయ్యను ఎవరూ అడగని రుజువు మా దగ్గరే ఎందుకు? బతికున్న మనిషి దేశభక్తికి చచ్చిపోయిన మనిషి జామీను ఉండాలా?

మంటో కథలో మాకొక లోటు కనిపిస్తుంది. అందులో సిపాయిలున్నారు, ఊరు లేదు. కిషన్‌గంగ నది రెండు ఒడ్డుల మీదా ఇళ్లున్నాయి. ఇటు అన్న, అటు చెల్లెలు మిగిలిపోయిన కుటుంబాలున్నాయి. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి మీద శతఘ్ని గుండు పడితే ఆమెకు పతకం లేదు, పేరూ ఉండదు. ఆమె కథలోకి రాలేదు. 2025 మేలో పూంఛ్‌లో గుళ్ల వర్షానికి పిల్లలు సైతం చనిపోయారు. ఆవలి గట్టునా పౌరులు చనిపోయారు. అంతకు ముందు ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని పొట్టన పెట్టుకున్నవాళ్లు చేసింది హత్య. దాన్ని హత్య అనడానికి మాకు సంకోచం లేదు. అయితే ఆ హత్యకు జవాబు చెప్పాల్సింది హంతకులు. పూంఛ్ పిల్లలు కాదు, హైదరాబాద్‌లో పంక్చర్లు వేసుకునేవాడూ కాదు.

అమన్ అడిగితే పిరికితనం అంటున్నారు, మేం అడిగితే ద్రోహం అంటున్నారు. అయినా అడుగుతాం. యుద్ధం మా మీద రెండుసార్లు పడుతుంది. అందరితో పాటు బిడ్డల్ని పోగొట్టుకుంటాం. ఆ పైన అనుమానాన్ని మేం ఒక్కళ్లమే మొయ్యాలి. అందుకే శాంతి మాకు అన్నం లాంటి అవసరం. తెలుగులో యుద్ధం మీద కలం పట్టేవాళ్లు ఇకనైనా శిఖరం దిగి ఆ పొయ్యి దగ్గరికి రావాలి.