పదహారు కిలోబైట్ల గుంట

పేరాల ఊళ్లో గుంటమగ్గం చూసినవాళ్లకు తెలుసు, నేతగాడి కాళ్లు ఆడేంత మేరకే గుంట తవ్వుతారు. పడుగు ఎక్కించాక దాన్ని ఇంకాస్త లోతు చేద్దామంటే కుదరదు. లినక్స్ కెర్నెల్ ప్రతి థ్రెడ్‌కూ ఇచ్చే స్టాక్ కూడా అంతే.

ఒక ఫంక్షన్ మరొకదాన్ని పిలిస్తే, తిరిగి రావాల్సిన చోటు, సొంత లెక్కలు స్టాక్ మీద పడతాయి. పని ముగిశాక తొలగిపోతాయి. మామూలు ప్రోగ్రాముకు స్టాక్ చాలకపోతే కెర్నెల్ అప్పటికప్పుడు మరో మెమరీ పేజీ జోడిస్తుంది. కెర్నెల్‌కే చాలకపోతే జోడించేదెవరు? ఆ పనికీ స్టాక్ కావాలి కదా! అందుకే కొలత ముందే ఖాయం.

32 బిట్ల ఇంటెల్ యంత్రాల్లో అది 8 కిలోబైట్లు, అంటే పక్కపక్కనే ఉన్న రెండు పేజీలు. ఆ ఇరుకులోనూ ఒకప్పుడు ఒక నేర్పు ఉండేది. స్టాక్ ఎప్పుడూ 8 కిలోబైట్ల హద్దు మీదే మొదలయ్యేది. కాబట్టి స్టాక్ పాయింటర్‌లో చివరి 13 బిట్లను సున్నా చేస్తే చాలు, అడుగున పెట్టిన థ్రెడ్ వివరాల చిరునామా చేతికొచ్చేది. వెతుకులాటే ఉండేది కాదు.

అయితే చాలాకాలంగా నడుస్తున్న యంత్రంలో మెమరీ ముక్కలై, జంట పేజీలు దొరకడం కష్టం. 2004లో ఒక్క పేజీతో, 4 కిలోబైట్లతో సరిపెట్టుకునే వీలు తెచ్చారు. అంతరాయాలకు (ఇంటరప్ట్‌లకు) వేరే స్టాక్ ఇచ్చారు. పది వేల థ్రెడ్లుంటే 80 మెగాబైట్ల ఖర్చు 40కి దిగుతుంది. నాకు ఈ పొదుపు ముచ్చటగానే ఉంటుంది, కానీ ఫైల్‌సిస్టమ్ రాసేవాళ్ల మొర విన్నాక వాళ్ల పక్షానికే మొగ్గాను.

ఫైలు రాయమంటే పిలుపు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లోకి, అక్కడి నుంచి డిస్కుల పొరల్లోకి, డ్రైవర్లోకి దిగుతుంది. దారిలో ఎక్కడో కాస్త మెమరీ కావాలి. ఖాళీ లేకపోతే పాత పేజీలను డిస్కుకు రాసి చోటు చేయాలి, అంటే అదే స్టాక్ మీద మళ్లీ రాత మార్గంలోకి దిగాలి! ఎవరి పొర వాళ్లు పొదుపుగానే రాశారు, మొత్తం కూడితేనే గుంట నిండింది. 4 కిలోబైట్ల ఎంపికను 2010లో తీసేశారు. 2012లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాళ్లు ఇంకో ఉపాయం చేశారు. లోతుగా దిగే కేటాయింపు పనిని మరో కెర్నెల్ థ్రెడ్‌కు అప్పగించారు. దాని స్టాక్ ఖాళీ మరి!

64 బిట్లలో చిరునామా బరువు రెట్టింపైనా స్టాక్ 8 దగ్గరే నిలిచింది. 2014లో కెర్నెల్ డెవలపర్ మిన్‌చాన్ కిమ్ దాన్ని 16 చేయాలన్నారు. లైనస్ టోర్వాల్డ్స్ 3.15 వెర్షన్‌లో చేర్చారు.

16 కూడా దాటితే? మొదట్లో హద్దు దాటిన రాత పక్కవాడి మెమరీని చప్పుడు లేకుండా చెరిపేసేది. తర్వాత స్టాక్ చివర 57ఏసీ6ఈ9డీ అనే గుర్తు పెట్టారు (ఇంగ్లిషు అక్షరాలుగా కూడబలుక్కుంటే ‘స్టాక్ ఎండ్’). అది చెదిరిందని తెలిసేది నష్టం జరిగాకే. 2016లో, 4.9 వెర్షన్‌లో, మరో డెవలపర్ ఆండీ లుటోమిర్‌స్కీ ఈ పరిస్థితిని మార్చారు. పేజీలు ఎక్కడెక్కడివైనా తెచ్చి వరసగా కనిపించేలా అతికి, పక్కన ఏమీ లేని కాపలా పేజీ వదిలారు. దాని మీద కాలు పడగానే తప్పు పట్టుబడుతుంది. ఆ తప్పును నమోదు చేయబోతే స్టాక్‌లో చోటుండదు. రెండో తప్పు పుడుతుంది. దానికోసమే విడిగా దాచిన స్టాక్‌కు ప్రాసెసర్ తానే మారిపోతుంది. అక్కడ నిలబడి కెర్నెల్, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచి ఇంత లోతుకు దిగిందో వరసగా రాసిపెడుతుంది.