పొట్లమూ, డబ్బా

నా బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి రాజోలు దగ్గర ఓ ఆశా కార్యకర్త ఇచ్చిన ఓఆర్ఎస్ పొట్లం. రెండోది అమలాపురంలో ఒక మందుల షాపులో కొన్న 200 మిల్లీలీటర్ల అట్టడబ్బా, ఖాళీది. 2024 వేసవిలో మా అక్క మనవడికి విరేచనాలు పట్టుకుంటే పరుగున వెళ్ళి ఓఆర్ఎస్ అడిగాను. షాపు కుర్రాడు ఈ డబ్బా చేతిలో పెట్టి, "ఇదైతే మారాం చెయ్యకుండా తాగేస్తారండి" అన్నాడు. నిజమే, తాగేశాడు. సాయంత్రానికి విరేచనాలు ఎక్కువయ్యాయి. డబ్బా వల్లేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కుర్రాడు అబద్ధమాడాడని అంతకన్నా చెప్పలేను. డబ్బా మీద ఏ పేరుందో అదే చదివాడు.

రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు అలవాటు. వీటినీ అలాగే చదివాను.

పొట్లం శైలి పరమ నీరసం. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు, ఒక లీటరు నీటికి. బొమ్మ లేదు, రుచి ఊసు లేదు. కానీ ఆ అంకెల్లో గొప్ప పొదుపుంది. పేగుల గోడ సోడియాన్నీ గ్లూకోజునీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్ళు వస్తాయి. అందుకే ఈ ద్రావణంలో రెండూ సరిసమానంగా, అణువుల లెక్కన 75కి 75 ఉంటాయి. పంచదార పెరిగితే కథ తిరగబడుతుంది: ఒంట్లో నీళ్ళే పేగులోకి దిగి విరేచనం పెరుగుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విరుచుకుపడి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో కలిపి తాగించింది ఈ లెక్క మీద నడిచే నీళ్ళే.

డబ్బా శైలి వేరు. ఆపిల్ పండు, దాని మీద నీటిచుక్కలు, మధ్యలో బొటనవేలంత ఎత్తున ఓఆర్ఎస్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, వాటికో తోక. వెనక్కి తిప్పితే పంచదార లెక్క. ఈ జాతి పానీయాల్లో లీటరుకు సుమారు 120 గ్రాములుంటుందని పత్రికలు రాశాయి. అంటే ఒక్క డబ్బాలో దాదాపు 24 గ్రాములు. అంతే కొలత పొట్లం నీళ్ళలో ఉండే గ్లూకోజు మూడు గ్రాములకు లోపే. పొట్లం లెక్క చెబుతుంది, డబ్బా ఆశ పెడుతుంది.

డబ్బా మీద ఇంకో వాక్యముంది, చీమతలకాయంత అక్షరాల్లో: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు అని. 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ పెట్టిన షరతు అది. ఈ వాక్యం రాస్తే పేరు ఉంచుకోవచ్చంది. విమర్శకుడిగా నాకు ఆ వాక్యం మీదే కోపం. "ఇది ఓఆర్ఎస్ కాదు" అంటే సరిపోయేది. ముందు ఆ విశేషణాల గుంపు తగిలించేసరికి, ప్రపంచ ఆరోగ్య సంస్థది ఒక ఓఆర్ఎస్, మాది ఇంకొక ఓఆర్ఎస్ అన్న అర్థం నిలబడింది. హెచ్చరికే పేరుకు వకాల్తా పుచ్చుకుంది.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పట్టు వదలకుండా కొట్లాడింది ఈ పేరు మీదే. వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. అసలు ఫార్ములా కాని ఏ పానీయం పేరులోనూ, ముందైనా వెనకైనా, ఆ మూడక్షరాలు ఉండకూడదంది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. వాటిలో హైదరాబాద్‌దే అయిన డాక్టర్ రెడ్డీస్ కూడా ఉంది. అక్టోబరు 31న కోర్టు నిషేధంలో వేలు పెట్టనంది. డాక్టరమ్మదీ కంపెనీదీ ఒకే ఊరు, తగువు తీరింది ఢిల్లీలో.

అయితే హెచ్చరికలన్నీ దండగేనా? అలా అనను. మా కిళ్ళీకొట్టులో పాన్ మసాలా దండల మీద, నమిలితే ఆరోగ్యానికి హానికరమని ఉంటుంది. దాన్ని చదివి మానేసినవాణ్ణి నేను చూడలేదు గానీ, కనీసం ఆ మాట పేరుతో పోట్లాడదు. యూరప్ సంగతి ఇంకా ఆసక్తికరం. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో వంటి ఆరు రంగులు వేస్తే, పిల్లల ఏకాగ్రత మీద చెడు ప్రభావం పడవచ్చని రాయాలని 2010 జులై 20 నుంచి అక్కడ రూలు. చాలా కంపెనీలు ఆ వాక్యం అచ్చువేసే బదులు రంగే మానేశాయి. హెచ్చరిక పనిచేసింది కొనేవాడి మీద కాదు, చేసేవాడి మీద. అదే రంగులు మన బడ్డీకొట్టు పొట్లాల మీద 102, 110 అనే అంకెల ముసుగులో పడుకుంటాయి. 2025 జూన్‌లో టెక్సస్ కూడా 44 పదార్థాలకు హెచ్చరిక రాయాలని చట్టం చేసింది. డాలస్‌లో ఉన్న మనవాళ్ళ పిల్లల చేతిలో పొట్లం మాట్లాడే రోజొస్తే, కొత్తపేటలో ఉన్న తాతగారి మనవడి చేతిలో పొట్లానికి ఇంకా అంకెలే.

ఇక భాష. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి హిందీలోనో ఉంటే చాలు. తెలుగు కంపెనీ దయ. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం చోటు బొమ్మకూ హెచ్చరికకూ ఇప్పించగలిగిన దేశం ఇది. పసిపిల్ల తాగే డబ్బా దగ్గరికొచ్చేసరికి భూతద్దం మన ఖర్చే.

డబ్బాని ఇంత తిట్టాక పొట్లాన్ని ఊరికే వదిలితే పక్షపాతమవుతుంది. నా చేతిలో ఉన్నదాని మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. పొట్లమంతా లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలన్నదే ప్రాణం లాంటి సూచన, అదీ ఇంగ్లీషులోనే. లంక గ్రామాల్లో నేను చూసింది వేరు: చిటికెడు గ్లాసులో వేసి, మిగతాది మడిచి పోపులపెట్టె పక్కన దాచడం. మా పెద్దమ్మ అయితే పొట్లమంతా గ్లాసుడు నీళ్ళలో కలిపేసి, "ఉప్పగా ఉందిరా, ఇది పాడైపోయినట్టుంది" అని పారబోసింది. ఆవిడకు నమ్మకమున్నది కొబ్బరి బొండాం మీద. తప్పేం లేదు గానీ, బొండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పొట్లం చేసే పని పూర్తిగా చెయ్యలేదు. లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు అని చెబితే మాత్రం ఆవిడకు వెంటనే పట్టుబడింది. చెంచా భాష అర్థమయ్యే మనిషికి మనం గ్రాములు అచ్చువేస్తున్నాం.

మొన్న మళ్ళీ అదే మందుల షాపుకి వెళ్ళి ఓఆర్ఎస్ అడిగాను. అదే అరలో అదే ఆపిల్ డబ్బా, మూడక్షరాల చోట ఇంకేదో పేరు. కుర్రాడు అలవాటు కొద్దీ దాని మీదే చెయ్యి వేశాడు. "పేరు మార్చారండి, సరుకదే" అన్నాడు. పొట్లం కావాలన్నాను. కింది సొరుగు లాగి, దూది కట్టలు పక్కకు నెట్టి, అడుగున వెతకడం మొదలుపెట్టాడు.